గోడకి తిప్పిన గాలి ఓడ

కావలి బజారులో మాది పటాలు కట్టే అంగడి. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుకునే సాయిబులం. మా నాయన తెల్లారి నమాజు చేసుకుని వచ్చి, గోనెపట్టా మీద కూచుని, వెంకటేశ్వరస్వామికి అద్దం బిగించేవాడు. ఆ తర్వాత పెంచలకోన నరసింహస్వామికి. ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు, మాకసలే కాదు. "సాయిబన్నా, స్వామి మొహం మీద గీత పడకుండా చూడు" అని పక్కూరు బోగోలు రైతులు చెప్పిపోతే, "మీ ఇంట్లో కంటే నా దగ్గరే భద్రంగా ఉంటాడులే" అనేవాడు మా నాయన.

పటంలో జనం చూసేది ముందున్న అద్దాన్ని. కట్టేవాడు చూసుకోవాల్సింది వెనకున్న అట్టని. మాది సముద్రం గాలి. ఆ గాలిలో ఉప్పు, ఉప్పులో చెమ్మ. వెనక అట్ట పలచనైతే ఒక్క వానాకాలానికే దేవుడి కాళ్ల దగ్గర పసుపు మరక లేస్తుంది. మరుసటేడికి అది నడుం దాకా పాకుతుంది. అందుకని మా నాయన అప్పుడప్పుడు మద్రాసు పోయి, పాత కాగితాల బజారులో దళసరి కాగితం ఏరి, తూకానికి కొని, చాపలో చుట్టి తెచ్చేవాడు. దాని మీద ఏం అచ్చేసి ఉందో ఎవరికీ పట్టేది కాదు. దళసరిగా ఉందా లేదా, అంతే.

నాకు అంగట్లో అప్పజెప్పిన పని బేరం. మేకు కొట్టమంటే వేలు కొట్టుకునేవాణ్ని గనక గల్లాపెట్టె దగ్గర కూచోబెట్టినారు. ఎదటివాడు చెప్పిన ధరలో సగం నరికి, మిగిలిన సగం కోసం ఇంకో పూట వాదించగల నోరు నాదని నాకు గట్టి నమ్మకం. జువ్వలదిన్నె నుంచి ఎండుచేపల గంపతో వచ్చే ఒకామెకి మాత్రం ఆ నమ్మకం ఉండేది కాదు. నా ముందర గంప దించి, కొంగుతో మొహం తుడుచుకుని, "నీ బేరం తెమిలేలోపల నా చేపలు మళ్లీ పచ్చివైపోతాయి అబ్బయ్యా" అనేది. చివరికి ఆమె చెప్పిన ధరకే తీసుకునేవాణ్ని. గంప ఎత్తుకుంటా, పాపం పోనీలే అన్నట్టు గుప్పెడు చెత్తపరిగెలు నా ముందు పడేసిపోయేది. దాన్ని నేను గెలుపు కింద లెక్క వేసుకునేవాణ్ని.

నయాపైసలు కొత్తగా వచ్చి, అణాకి ఎన్ని పైసలో తేలక బజారంతా తన్నుకుంటున్న రోజుల్లో, మా నాయన మద్రాసు నుంచి ఒక పెద్ద చుట్ట తెచ్చినాడు. మంచి దళసరి కాగితం. వెనక గుడ్డ అంటించి ఉంది. విప్పి నేల మీద పరిస్తే, నీలం ఆకాశంలో అడ్డంగా ఒక వెండి దోసకాయ.

పక్కంగడి శెట్టిగారు కిరాణా వదిలేసి వచ్చి నిలబడినాడు. "ఏందన్నా ఇది. రెక్కల్లేకుండా ఎట్టా ఎగరతాండాది?"

నేను ఇంగ్లీషు చదివినవాణ్ని. చదివినానంటే, స్కూలు ఫైనలు దాకా పోయి, అక్కడ నాకూ దానికీ పొసగక తిరిగొచ్చినవాణ్ని. కూడబలుక్కుని చదివి, "గాలి ఓడ" అన్నాను. లోపల గాలి నింపుతారని, ఆ గాలి తేలిక గనక పైకి లేస్తుందని, కింద వేలాడే పెట్టెలో మనుషులు కూచుంటారని చెప్పినాను. కొంత కాగితం మీద ఉంది, కొంత నేను కలిపినాను.

చుట్టలో ఇంకా చాలా ఉన్నాయి. ఒకదాంట్లో మంచు కొండల మీద గాలి ఓడ. ఒకదాంట్లో తాటిచెట్ల కంటే ఎత్తు మేడల ఊరి మీద. ఒకదాంట్లో టోపీ పెట్టుకున్న దొరసాని కిటికీలోంచి కిందకి చూస్తా ఉంది, ఆమె చేతిలో పింగాణీ కప్పు, కప్పులో కాఫీ తొణకలేదు. అన్నీ ఆరేడు రంగుల అచ్చు. ఆ నీలాలు, ఆ వెండి చూస్తే దేవుడి పటాలు అచ్చేసేవాళ్లు కూడా సిగ్గుపడాలి. పోయి గాలి ఓడ ఎక్కండి, అని ప్రతిదాని కిందా పెద్ద అక్షరాలు.

మా నాయన ఎక్కలేదు. కత్తి తీసి, ఇనప బద్ద ఆనించి, దోసకాయని కోసినట్టే కోసినాడు. రంగు వైపు పటానికి తగిలితే చెమ్మకి ఆ రంగు దిగి దేవుడికి అంటుకుంటుంది గనక, రంగు వైపు గోడకి, తెల్ల వైపు దేవుడికి. ఆ ఏడు బోగోలు నుంచి సముద్రం దాకా మేం కట్టిచ్చిన పటాల వెనకాల, గోడకి మొహం పెట్టుకుని, గాలి ఓడల ముక్కలే ఉన్నాయి. లక్ష్మీదేవి వెనక మంచు కొండ. నరసింహస్వామి వెనక సగం దొరసాని.

కత్తి ఒక్కచోట ఆగింది. ఆపింది మా అమ్మ.

మధ్యాన్నం అన్నం క్యారియరు తెచ్చి, మా నాయన ఎదర పెట్టి, ఆయన బద్ద ఆనించిన కాగితాన్ని చూసింది. "ఆగు" అనింది. ఆ బొమ్మలో పైన గాలి ఓడ. కింద అంతా ఇసక. దూరంగా ఒంటెల వరస. అట్టడుగున ఒక మసీదు గుమ్మటాలు, రెండు మినార్లు. ఓడ నీడ ఇసక మీద పొడుగ్గా పడి ఉంది.

"ఏ ఊరు రా ఇది?"

"ఈజిప్టు."

"మక్కాకి అది ఎంత దూరం?"

నేను మా నాయన వైపు చూసినాను. మక్కా దూరం నాకెట్టా తెలుసు. ఆయన కత్తి కింద పెట్టి, "ఆ పక్కనే గదా" అన్నాడు, బోగోలు గురించి చెప్పినట్టు.

మా అమ్మకి హజ్ పోవాలని ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. ఓడ ఎక్కే ధైర్యం లేదనీ తెలుసు. ఓడ మాట అటుంచు, ఉప్పుకాలవ మీద పడవ కూడా ఎక్కదు. అవతలి గట్టున పెళ్లి ఉంటే, వంతెన ఉన్నచోటు దాకా ఎండలో నడిచి, అటు నుంచి మళ్లీ అంత దూరం నడిచి, అన్నాలు అయిపోయినాక చేరేది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వాళ్ల కుటుంబం కట్టెల పడవలో కాలవ మీద వస్తుంటే గాలివాన పట్టుకుంది. పడవ బోర్లాపడింది. పడేముందు వాళ్లమ్మ, "తమ్ముడి చెయ్యి వదలొద్దు" అని చెప్పిందంట. మా అమ్మ ఒక చేత్తో పడవ అంచు పట్టుకుంది, ఒక చేత్తో తమ్ముణ్ని పట్టుకుంది. ఒడ్డుకి లాగినప్పుడు అంచు పట్టుకున్న చెయ్యి అట్నే ఉంది. రెండో చెయ్యి ఖాళీగా ఉంది.

ఇంతకంటే ఎక్కువ ఆమె ఎప్పుడూ చెప్పలేదు. హజ్ కి ఎందుకు పోవాలని మేం అడిగితే మాత్రం, "ఆడ నిలబడి ఒక మాట చెప్పుకోవాలి" అనేది. ఏం మాటని అడిగినవాళ్లం కాదు.

ఇప్పుడు నీళ్లు తగలకుండా పోయే ఓడ ఒకటి, మా అంగట్లో, నేల మీద పరిచి ఉంది. "కింద చూడు" అనింది మా అమ్మ, బొమ్మ మీద వేలు పెట్టి. "ఇసక. నీడ కూడా ఇసక మీదే పడతా ఉండాది."

"మధ్యలో సముద్రం దాటాలి గదమ్మా."

"పైనుంచి దాటేదానికి సముద్రం ఏం చేసుద్ది? ఆ యమ్మ కప్పులో కాఫీ తొణికిందా?"

దొరసానిని ఆమె కూడా చూసింది.

ఆ మధ్యాన్నం మా అంగడి ముందర పంచాయితీ పెట్టినాం. ఈ ఓడ ఇంకా నడుస్తా ఉందా లేదా అని. నాకు కొంచెం అనుమానంగానే ఉంది. మన పక్క ఆకాశంలో దాన్ని చూసినవాడు లేడు. శెట్టిగారు నా అనుమానాన్ని ఒక్క దెబ్బకి కొట్టేసినాడు.

"చూడు అబ్బయ్యా. నా అంగట్లో కిరసనాయిలు అయిపోతే నేనేం చేస్తా? ఆ నిమిషానే రేకు బోర్డు గోడకి తిప్పేస్తా. మా తాత చేసినాడు, మా నాయన చేసినాడు. లేని సరుక్కి బోర్డు చూపించినోడు బజారులో బతికినాడా? కిరసనాయిలు అమ్ముకునే నాకే ఆ నీతి ఉంటే, ఓడలమ్ముకునే దొరలకి ఉండదా?"

ఇది మా బజారు ఆచారం. సరుకు ఉంటే బోర్డు మొహం వీధికి. సరుకు లేకపోతే గోడకి. చదువు రానివాడు కూడా దూరం నుంచి చూసి వెనక్కి తిరిగిపోతాడు. దానికి నా వంతు తెలివి నేనూ కలిపినాను: "అంతంత ఖర్చు పెట్టి ఇన్ని రంగుల్లో బోర్డు అచ్చేసినోడి గోడౌన్లో సరుకు లేకుండా ఉంటదా." మా నాయన తలూపినాడు. మా అమ్మ మా ముగ్గురి మొహాలూ చూసి, కోర్టులో తీర్పు విన్నట్టు క్యారియరు సర్దుకుని పోయింది. వ్యాపారం ఎరిగిన ముగ్గురం చెప్పినాం గదా.

ఆ ఒక్క పోస్టరుకీ మా నాయన టేకు చట్రం కొట్టి, మంచి అద్దం బిగించి, రంగు వైపు మనుషులకి కనబడేట్టు కట్టినాడు. మా ఇంటి వంటగదికి ఎదురుగా ఉండే గోడకి తగిలించినాం. కూర తిప్పుతా, గరిటె చేత్తో పట్టుకునే దాని వంక చూసేది మా అమ్మ.

అనుకున్నంత మాత్రాన ప్రయాణం అవుతుందా. ఒక ఏడు గాలివానకి అంగడి పైకప్పు పోయింది. ఒక ఏడు మా నాయనకి దగ్గు పట్టుకుంది. ఒక ఏడు చైనావాళ్లతో యుద్ధమొచ్చి బజారులో చీమ చిటుక్కుమనలేదు. మా అమ్మ తొందరపెట్టలేదు. హజ్ కి పోయేవాళ్లు బయల్దేరేముందు తెలిసినవాళ్లందరి దగ్గరికీ పోయి, తప్పేమన్నా జరిగుంటే మన్నించమని అడగాలి. ఆ పని మాత్రం ఆమె ముందుగానే మొదలుపెట్టింది. వీధిలో ఒక్కో ఇల్లూ. చివరికి శెట్టిగారి అంగడికి కూడా వచ్చింది.

"ఎప్పుడన్నా మాట తూలి ఉంటే మనసులో పెట్టుకోవద్దు శెట్టిగారూ."

"మీరు మాట తూలడం నేనెరగనమ్మా. మీవాడు రోజూ తూలతాడు. వాడితో అడిగించండి."

ఊరంతా మన్నించేసినాక ఇక ఆగడానికి లేదు. ఎదురుపడిన ప్రతివాళ్లూ "ఎప్పుడమ్మా ప్రయాణం" అని అడుగుతున్నారు. నేను మద్రాసు బయల్దేరినాను, గాలి ఓడకి టిక్కెట్టు బేరం చేసేదానికి. రైల్లో దారి పొడుగునా మాటలు సిద్ధం చేసుకున్నాను. ఇద్దరు మనుషులు, రానూ పోనూ, ముసలివాళ్లు, తక్కువ తింటారు, సామాను లేదు. ముందు సగానికి అడగాలి. వాడు నవ్వితే లేచి తలుపు దాకా నడవాలి. వెనక్కి పిలుస్తాడు. పిలవని వ్యాపారిని నేను చూడలేదు.

ప్రయాణాల ఆఫీసొకటి పెద్ద రోడ్డు మీద ఉంది. అద్దాల తలుపు. లోపల ఫ్యాను కింద తలపండిన గుమాస్తా ఒకాయన కూచుని ఉన్నాడు. అరవం కలిసిన తెలుగు. ఏ ఓడ అన్నాడు. మా నాయన కోయగా మిగిలిన ముక్కొకటి నా సంచిలో ఉంది, దోసకాయ ముందుభాగం. తీసి బల్ల మీద పెట్టినాను.

ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. ఆ ముక్కని వేళ్లతో సాపు చేసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, "ఇది యాడిది నీకు" అన్నాడు.

"మాకు వచ్చిందండీ. టిక్కెట్టు ధర కనుక్కుందామని."

"నేను ఈ ఆఫీసుకి బిల్లబంట్రోతుగా వచ్చిన కొత్తలో ఆ గోడంతా ఇవే. దుమ్ము తుడిచేవాణ్ని." కుర్చీలో వెనక్కి ఒరిగినాడు. "ఇండియాకి కూడా వస్తుందన్నారు. వచ్చేది దారిలోనే పడి కాలిపోయింది. ఆ తర్వాత వేరే దేశంవాళ్లది ఇంకొకటి, దిగతా దిగతా కాలిపోయింది. అంతే, ఆపేసినారు. నువ్వు పలకా బలపం పట్టకముందు మాట నాయనా."

"ఒక్కటి కూడా లేదా."

"లేదు."

"చిన్నదైనా పరవాలేదు. పాతదైనా సరే. రెండో రకం."

అలవాటు చొప్పున నా నోరు దానంతటది ఆడుతూ ఉంది. బూడిదతో బేరమాడుతున్నానని తెలిసే ఆడుతున్నాను. ఆయన నా మాటలు అయిపోయేదాకా ఓపిగ్గా విని, విమానాలైతే ఉన్నాయని చెప్పి, ధర చెప్పినాడు. నేను సగానికి అడగలేదు. సగంలో సగానికీ అడగలేదు. లేచి తలుపు దాకా నడిచినాను. ఆయన వెనక్కి పిలిచినాడు. "నీ ముక్క మర్చిపోయినావు" అన్నాడు.

ఇల్లు చేరేసరికి మా అమ్మ గుమ్మంలోనే ఉంది. దాచేదానికి లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినాను, కాలిపోవడంతో సహా. మా నాయన అప్పటికి అంగడి కట్టేసి వచ్చి కూచుని ఉన్నాడు. మా అమ్మ గోడ మీది పటాన్ని చూసింది, నన్ను చూసింది. కోపం గొంతులో లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"సరుకు లేనప్పుడు బోర్డు ఎందుకు దించలేదంట?"

"దించినారమ్మా" అన్నాను. "దించబట్టే మనకి తూకానికి వచ్చింది."

అప్పుడు మా నాయన తల ఎత్తినాడు. మేం చేసిన పొరపాటు ఆయనకి తట్టడం మొహంలో చూసినాను. మాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి. బజారులో ఏ అంగడన్నా మూతపడితే, దాని బోర్డు, దాని కాగితాలు పాతసామాన్లలోకి వస్తాయి. తూకానికి వచ్చిన బోర్డంటే మూసేసిన అంగడి. ఆ లెక్క మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా వచ్చు. పైగా ఆ బోర్డులన్నిటినీ మా చేతుల్తోనే, ఒక్కోటీ కోసి, మొహం గోడకి తిప్పి మేకులు కొట్టినాం. అయినా శెట్టిగారు, మా నాయన, నేను, ముగ్గురం అంగడి ముందు కూచుని సరుకు ఉందని తీర్పు చెప్పినాం.

మా అమ్మ లోపలికి పోయి అన్నం వడ్డించింది.

ఆ తర్వాత చాన్నాళ్లు ఆమె హజ్ మాట ఎత్తలేదు. వీధిలో ఎవరన్నా అడిగితే, "ఓడ ఇంకా రాలేదు" అనేది. ఒకరోజు, బియ్యం ఏరుతూ ఏరుతూ, "బొంబాయి నుంచి పోయే ఓడకి అర్జీ పెట్టండి" అనింది. మా నాయన, నేను మొహాలు చూసుకున్నాం. అది నీళ్ల ఓడ. అందులో రోజుల తరబడి ఉండాలి. "తెలుసు" అనింది. "ఇంకేం ఉండాది గనక."

అర్జీకి ఫొటో కావాలంటే, పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి ఫొటో దిగింది. కావలి స్టూడియోలో, కొంగు నుదుటి దాకా లాక్కుని, కెమెరా వైపు కాకుండా దాని పక్కనున్న కుండీ వైపు చూస్తా. సీట్ల కంటే అర్జీలు ఎక్కువ గనక చీటీలు వేసి తీస్తారు. మా బజారులోనే ఏళ్ల తరబడి అర్జీ పెట్టుకుని చీటీ రాక ముసలైపోయినవాళ్లున్నారు. మా వాళ్లిద్దరికీ రెండోసారికే వచ్చింది. ఊరంతా మా ఇంటికొచ్చి సంతోషపడి పోయినారు. శెట్టిగారు ఖర్జూరం పొట్లం తెచ్చి, "తిరిగొచ్చేటప్పుడు ఆడివి తెస్తారుగా, వాటికి ఇది బయానా" అన్నాడు.

అందరూ పోయినాక మా అమ్మ నన్ను పిలిచింది. "రేపు పొద్దున నన్ను కాలవ దగ్గరికి తీసకపో. అలవాటు చేసుకోవాల."

ఆ పొద్దున గాలి లేదు. కాలవ నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉన్నాయి. పడవాయన నాకు ఎరికే. పడవని ఒడ్డుకి ఆనించి రెండు వైపులా తాళ్లతో బిగించి, కదలకుండా పట్టుకోమని ముందే చెప్పి ఉంచినాను. మా అమ్మ గట్టు మీద నిలబడి చాలాసేపు నీళ్ల వంక చూసింది.

"రా తల్లీ" అన్నాడు పడవాయన. "మోకాటి లోతు ఈడ. నా మేకలు కూడా ఎక్కుతాయి."

నేను నాకొచ్చిన విద్య మొదలుపెట్టినాను. "ఎక్కొద్దులేమ్మా. ఊరికే దగ్గరికి రా." వచ్చింది. "ఎక్కొద్దు. పలక మీద ఒక కాలు పెట్టు చాలు." నా మణికట్టు పట్టుకుని ఒక కాలు పెట్టింది. "రెండో కాలు కూడా పెట్టి, వెంటనే తీసేయి." ఇట్టా ఒక్కో మెట్టూ తగ్గించుకుంటా, పెంచుకుంటా, నా జన్మలో చేసిన బేరాలన్నిట్లోకీ ఓపికైన బేరం అది. ఆమె రెండో కాలు ఎత్తింది. పడవ, ఎంత కట్టినా పడవే గదా, ఆమె బరువుకి కొంచెం దిగింది. పక్కలకి నీళ్లు చిన్నగా తట్టుకున్న చప్పుడు.

ఆమె వేళ్లు నా చేతిలోకి దిగబడినాయి.

"వదలొద్దురా తమ్ముడా" అనింది.

నేను ఆమె కొడుకుని. ఆ మాట అన్నట్టు ఆమెకి తెలియదు. పడవాయన తాడు పట్టుకునే తల పక్కకి తిప్పుకున్నాడు. ఎత్తుకుని గట్టు మీదికి తెచ్చి కూచోబెట్టినాను. చెయ్యి మాత్రం వదల్లేదు. ఇంటి దాకా అట్నే నడిచినాం, బజారు మధ్యలోంచి, చేతులు పట్టుకుని. నన్ను చూసి నవ్వేవాళ్లు కూడా ఆ పూట నవ్వలేదు.

"నా వల్ల కాదు" అని మా నాయనతో ఒకే మాట చెప్పింది. "నువ్వు పో."

"నేను పోయి ఏం చెప్పేది? నీ మాట నాకు తెలియదు గదా" అన్నాడాయన. ఆయనా పోలేదు. చీటీ రాని ఇంకెవరికో ఆ రెండు సీట్లూ పోయినాయి.

ఆఖరి బేరంగా నేను ఒకటి పెట్టినాను. పోలేనివాళ్ల బదులు వేరేవాళ్లని పంపే పద్ధతి మతంలోనే ఉంది. అంతకుముందు పోయొచ్చిన మంచి మనిషిని చూసి పంపిద్దాం, నీ పేరు మీదే చేసొస్తాడు, ఆ పుణ్యం నీదే అని చెప్పినాను. మా అమ్మ మంచంలో అటు తిరిగి పడుకుని ఉంది. అప్పటికి గుండెలో నీరసమని డాక్టరు లేవనివ్వడం లేదు.

"పుణ్యం కోసం ఎవరు పోతామన్నారు రా" అనింది. "వాడి చెయ్యి వదిలింది నేను. ఎవడో పోయి వదిలినానని చెప్తే ఒప్పుకుంటారా ఆడ?"

దానికి తగ్గించేది గాని పెంచేది గాని నా దగ్గర లేకపోయింది. మా నాయన గుమ్మంలో నిలబడి విన్నాడు. ఇన్నేళ్లకి ఆమె చెప్పుకోవాలన్న మాట ఏందో మాకు తెలిసింది. చెప్పాల్సిన చోట కాకుండా మా ఇంట్లో, మంచం మీద, గోడ వైపు తిరిగి చెప్పింది.

ఆ వానాకాలం దాటలేదు ఆమె.

నలభయ్యో రోజు ఫాతిహా చదివించడం అయినాక మా నాయన అర్జీ కోసం తీయించిన ఫొటోని పెద్దది చేయించి తెమ్మన్నాడు. మా ఇళ్లల్లో మనిషి బొమ్మ గోడకి తగిలించరు. పెట్టెలో పెట్టుకుంటానన్నాడు. పెట్టెలో పెట్టేదానికైనా పటం కట్టాలి గదా. ఆయన చేతులు అప్పటికే వణుకుతున్నాయి. నన్నే కట్టమన్నాడు, మేకు కొట్టడం రానివాణ్ని.

అంగట్లో దళసరి కాగితం లేదు. ఆయనే వంటగది ఎదురుగా ఉన్న పటం దించి నా ముందు పెట్టినాడు. నేను మేకులు పీకి, వెనక బద్ద తీసి, పోస్టరుని బయటికి లాగినాను. పై భాగం రాలేదు. అన్నేళ్ల చెమ్మకి గాలి ఓడ అద్దానికి అతుక్కుపోయింది. లాగితే కాగితం ఒక పొర చీలి, ఓడ అద్దం మీదే ఉండిపోయింది. కింద భాగం చూస్తే చెదలు తినేసి మినార్లు లేవు, గుమ్మటాలూ లేవు. బాగున్నది మధ్యలో ముక్కొకటి. ఇసక. ఆ ఇసక మీద పొడుగ్గా నీడ.

ఫొటోకి సరిగ్గా అంతే కావలసి వచ్చింది. బద్ద ఆనించి కోసినాను. తెల్ల వైపు అమ్మకి, రంగు వైపు బయటికి. మేకులు వంకరగా దిగినాయి, వేలికి రెండుసార్లు తగిలింది. మా నాయన పక్కన కూచుని చూస్తా ఉన్నాడు.

"వెనక అట్ట గట్టిదేనా?"

"గట్టిదే నాయనా."

"చెమ్మ పోదు గదా లోపలికి."

"పోదు" అన్నాను.

ఆయన పటం తీసుకుని, అద్దాన్ని లుంగీ అంచుతో ఒకసారి తుడిచి, ఒళ్లో బోర్లా పెట్టుకుని కూచున్నాడు. యాభై ఏళ్లు ఆ పని చేసినవాడు. ఈ సముద్రం పక్కన చెమ్మ పట్టని పటం కట్టినవాడు ఇంతవరకు పుట్టలేదని నాకంటే ఆయనకే బాగా తెలుసు.